ఇంట్లో అంకెలు



కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు తెలుగు మాట్లాడే ఇళ్ళలో పుట్టిన బిడ్డకు అంకెలు మూడు పేర్లతో వినబడతాయి. అవ్వ "ఒకటి, రెండు" అంటుంది. వీధిలో "ఒణ్ణు, రెండు" అంటారు. బడిలో "వన్, టూ" అంటారు. రాసే గుర్తు మాత్రం మూడింటికీ ఒకటే. బిడ్డ తికమక పడుతుందని చాలామంది తల్లులు ఇంట్లో తెలుగు లెక్క మానేస్తున్నారు. అలా మానవద్దని చెప్పడానికే ఈ ప్రసంగం.

ఇంగ్లీషులో "సిక్స్‌టీన్" అన్నప్పుడు ముందు ఆరు వినబడుతుంది, తర్వాత పది. విన్న వరసలోనే రాసే బిడ్డ 61 వేస్తుంది. అది మొద్దుతనం కాదు, చెవి చెప్పినట్టు చెయ్యి నడిచింది, అంతే. మన "పదహారు"లో పది ముందు, ఆరు తర్వాత. అంటే 1 ముందు, 6 తర్వాత. పదకొండు నుంచి పంతొమ్మిది దాకా ఇదే వరస. తమిళంలోనూ అంతే. కాబట్టి 16 రాయించేటప్పుడు ఇంటి మాటతో పలికించండి. ఇంకొకటి, తమిళంలో 90ని "తొణ్ణూరు" అంటారు. అందులో నూరు వినబడి కొందరు పిల్లలు తడబడతారు. "తొంభై"లో ఆ చిక్కు లేదు.

ఇరవై దాకా గడగడా అప్పజెప్పే బిడ్డను ఏడు చింతగింజలు ఇమ్మని అడిగి చూడండి. గుప్పెడు తీసి ఇస్తుంది! నోటికి వచ్చింది గాని లెక్క రాలేదన్నమాట. ఒక్కో గింజను తాకుతూ, పక్కకు జరుపుతూ ఒక్కో అంకె చెప్పించాలి. చివరికి "మొత్తం ఎన్ని?" అని అడగాలి. మళ్ళీ మొదటినుంచి లెక్కపెడితే కోప్పడకండి. చివరి అంకే మొత్తమని తెలియడానికి కొన్నాళ్ళు పడుతుంది. వామనగుంటలు ఆడే ఇంట్లో ఇది ఆటలోనే వచ్చేస్తుంది. గింజలు నోట్లో, ముక్కులో పెట్టుకునే వయసైతే పెద్దవాళ్ళు పక్కనే ఉండాలి.

పదుల లెక్కకు మన ఊళ్ళలో దొరికే మందు అంటించని అగ్గిపుల్లలకు మించినది లేదు. పదేసి కట్ట కట్టి, ఒక కట్ట, ఆరు విడి పుల్లలు పెడితే 16 కళ్ళకు కనబడుతుంది. ఒకప్పుడు ఇక్కడి పిల్లలు బడి మాని ఆ పుల్లలనే పెట్టెల్లో నింపి గ్రోసుల లెక్కన, అంటే 144 పెట్టెలకింతని, కూలి తెచ్చుకున్నారు. పద్నాలుగేళ్ళలోపు వారిని ఆ పనిలో పెట్టకూడదని 1986లో చట్టం వచ్చింది. అదే పుల్ల ఇప్పుడు చదువుకు పనికొస్తే మంచిదే కదా.

రాయడానికి తొందర వద్దు. ముందు పళ్ళెంలో ముగ్గుపిండి పరచి వేలితో దిద్దించండి. 3, 6, 9 అటూ ఇటూ తిరగడం అయిదారేళ్ళ దాకా మామూలే. రోజుకు రెండు అంకెలు, పావుగంట చాలు. నూరుసార్లు రాయమని శిక్ష వేయకండి.

2006 చట్టం తర్వాత తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. అది ఈ నేల భాష, పిల్లలు బాగా నేర్చుకోవాలి. తెలుగు అంకెల పేర్లు మాత్రం చాలామంది పిల్లలకు ఇంట్లో తప్ప ఎక్కడా వినబడవు. అవ్వ పప్పు కొలిచేటప్పుడు బిడ్డను పక్కన కూర్చోబెట్టి, ఒక్కో సోలకు అంకె పైకి చెప్పించండి.