పాము మింగింది కక్కితే



శ్రావణం వస్తే మన షోలాపూర్ మగ్గాల పేటల్లో రెండు సందళ్ళు. నారళీ పౌర్ణమినాడు మార్కండేయస్వామి రథం, దానికి పది రోజుల ముందు నాగపంచమి. ఆ రోజుల్లో పాముల మాట ఎలాగూ వస్తుంది. అందుకని ఇవాళ పాముల గురించే మాట్లాడదామనుకున్నాను. అయితే పుట్ట గురించో, పడగ గురించో కాదు. మింగిన తిండిని పాము ఎందుకు కక్కుతుంది, అప్పుడు మనం ఏం చెయ్యాలి అనేది విషయం. విడ్డూరంగా ఉందనుకోకండి. బడిలో పిల్లలు నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్నల్లో ఇదొకటి.

మన సాంచాల షెడ్లు చూశారు కదా. పడుగుకు పెట్టే గంజి, మూలన పేరుకున్న దూది పీచు, వాడిన కండెల గుట్టలు. ఎలుకకు అంతకన్నా మంచి ఇల్లు లేదు. ఎలుక ఉన్నచోటికి జెర్రిపోతు వస్తుంది. మరాఠీలో దాన్నే ధామణ్ అంటాం. దానికి విషం లేదు. సర్పమిత్ర వచ్చి దాన్ని పట్టుకున్నప్పుడు చాలాసార్లు అక్కడే ఒకటో రెండో ఎలుకల్ని కక్కేస్తుంది. చుట్టూ చేరినవాళ్ళు పాముకు జబ్బు చేసిందనో, శాపనార్థాలు పెట్టిందనో చెప్పుకుంటారు. రెండూ కాదు. కడుపులో బరువుతో పాము పరుగెత్తలేదు, గట్టిగా పెనుగులాడలేదు. ప్రాణం మీదికి వస్తే తిండి వదిలేసి ఒళ్ళు తేలిక చేసుకుంటుంది. సరుకు మునిగినా ఫరవాలేదు, ముందు పడవ ఒడ్డు చేరాలి అనుకునే పడవవాడి లెక్క ఇది. అలాంటి పామును దూరంగా వదిలేస్తే మళ్ళీ వేటాడి బతుకుతుంది.

ఇంట్లో పెట్టెలో ఉన్న పాము కక్కితే మాత్రం ఆ లెక్క వేరు.

రెండేళ్ళ కిందట తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు నా దగ్గరికి వచ్చి, "సార్, మా అన్న పాము తిన్నదంతా కక్కుతోంది, మూడోసారి" అన్నాడు. వాళ్ళన్న పుణెలో ఉద్యోగం చేస్తూ బాల్ పైథాన్ అనే చిన్నజాతి కొండచిలువను కొన్నాడట. దాని సొంత ఊరు పశ్చిమ ఆఫ్రికా. సెలవులకు వస్తూ వెంట తెచ్చాడు. డిసెంబరు నెల. పెట్టెను గచ్చు మీద, కిటికీ పక్కన పెట్టారు. ఇంటికి వచ్చిన చుట్టాలందరికీ దాన్ని తీసి చూపిస్తున్నారు. అది కక్కిన మర్నాడే, "పాపం, ఆకలిగా ఉంటుంది" అని మళ్ళీ ఎలుకను పెడుతున్నారు. ఒక్క వాక్యంలో మూడు కారణాలూ దొరికాయి.

మొదటిది చలి. మన ఒళ్ళు లోపలి నుంచే వేడి పుట్టించుకుంటుంది. పాము ఒళ్ళు బయటి నుంచి అప్పు తెచ్చుకుంటుంది. పెట్టెలో ఒక పక్క ముప్ఫై ఒకటి, ముప్ఫై రెండు డిగ్రీల వెచ్చదనం ఉంటేనే ఈ కొండచిలువకు తిండి అరుగుతుంది. రెండో పక్క ఇరవై ఐదు, ఇరవై ఆరు ఉండాలి, ఎక్కువనిపిస్తే అటు జరగడానికి. షోలాపూర్ అంటే ఎండకు పేరు, నిజమే. కానీ డిసెంబరు రాత్రి గచ్చు ఎంత చల్లబడుతుందో మీకు తెలుసు. పాము చల్లబడితే కడుపులో ఎలుక అరగడానికి బదులు కుళ్ళడం మొదలుపెడుతుంది. కుళ్ళింది లోపల ఉంటే పాము చచ్చిపోతుంది, అందుకే బయటికి నెడుతుంది. అలాగని వేసవిలో రేకుల కప్పు కింద పెట్టినా ప్రమాదమే. చేత్తో చూసి వెచ్చగా ఉందనుకోవడం చాలదు, థర్మామీటరు పెట్టి చూడాలి.

రెండోది చేతులు. తిన్న తరువాత కనీసం రెండు రోజులు దాన్ని ముట్టుకోకూడదు. మూడోది తొందర. ఈ మూడోదాన్ని కొంచెం వివరంగా చెప్పాలి.

పాముకు మనలాగా పూటపూటా తిండి లేదు. ఖాళీగా ఉన్న రోజుల్లో కొండచిలువ తన జీర్ణాశయాన్ని దాదాపు మూసేసిన దుకాణంలా ఉంచుతుంది. అందులో ఆమ్లం ఉండదు, పేగులు కుంచించుకుపోయి ఉంటాయి. ఎలుక లోపలికి పోగానే దుకాణం తెరుస్తుంది. ఒకటి రెండు రోజుల్లో ఎముకను కూడా కరిగించే ఆమ్లం ఊరుతుంది, పేగులు ఉబ్బుతాయి. బర్మా కొండచిలువలో గుండె కండ సైతం రెండు రోజుల్లో నలభై శాతం పెరుగుతుందని శాస్త్రజ్ఞులు 2005లో ప్రకటించారు. ఇంత సరంజామా సిద్ధం చేసుకున్నాక అంతా కక్కిందంటే, ఆ ఆమ్లం గొంతును కాల్చుకుంటూ పైకి వస్తుంది. నీరు పోతుంది, బలం పోతుంది. గొంతు మానకముందే మళ్ళీ ఎలుకను పెడితే మళ్ళీ కక్కుతుంది. రెండోసారి మొదటిసారికన్నా చెడ్డది, మూడోసారి రెండోసారికన్నా చెడ్డది. పాములు చాలావరకు పోయేది ఇలాగే. పెంచేవాడికి జాలి లేక కాదు, ఆ జాలిని ఎలుక రూపంలో చూపించినందుకు.

అందుకని కక్కిన పామును పది పధ్నాలుగు రోజులు పస్తు పెట్టాలి. తాగడానికి మంచినీళ్ళు మాత్రం ఉంచాలి. పెట్టె శుభ్రం చేసి, దాక్కోవడానికి చీకటి మూల ఒకటి ఇవ్వాలి. తరువాత మామూలుగా పెట్టేదానిలో సగం సైజు ఎలుక ఒక్కటే ఇవ్వాలి. ఎప్పుడు పెట్టినా సరే, ఎలుక లావు పాము నడుము లావును మించకూడదు. సగం బయటికి వచ్చినదాన్ని పట్టి లాగకండి, లోపలికి తొయ్యకండి. కక్కింది ఎత్తేటప్పుడు చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కోండి, తరువాత సబ్బుతో కడుక్కోండి. ఆ పెట్టెను వంటింటి తొట్టిలో కడగవద్దు. పాముల ద్వారా సాల్మొనెల్లా అనే క్రిమి మనకు అంటుతుంది, చిన్నపిల్లలకు అది మరీ ప్రమాదం.

వెచ్చదనం, విశ్రాంతి, చిన్న తిండి, అన్నీ సరిగ్గా ఉన్నా మళ్ళీ కక్కితే అది ఇంట్లో తేలే విషయం కాదు. కడుపులో పరాన్నజీవులు ఉండవచ్చు. క్రిప్టోస్పోరిడియం అనేది ఒకటుంది, దానివల్ల పాము నడిమి భాగం గడ్డలాగా ఉబ్బుతుంది. కక్కిన పదార్థాన్నీ, మలాన్నీ సంచిలో కట్టి పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాలి. ఆ కుర్రవాడి ఇంట్లో అంత దూరం పోలేదు. పెట్టెను గచ్చు మీద నుంచి లేపి, కింద వేడి చాప వేసి, రెండు వారాలు గుడ్డ కప్పి ఉంచారు. తరువాత పెట్టిన చుంచెలుక లోపలే ఉండిపోయింది. ఇంకో మాట కూడా ఆ అన్నకు చెప్పి పంపాను. విదేశీ పాములైనా ఇలాంటివాటిని ప్రభుత్వ పరివేశ్ పోర్టల్‌లో నమోదు చెయ్యాలి. వన్యప్రాణి చట్టాన్ని 2022లో సవరించాక అది తప్పనిసరి అయింది.

మన నేల పాముల సంగతి మరీ ఖచ్చితం. 1972 నాటి ఆ చట్టం ప్రకారం వాటిని పట్టడం, పెంచడం, అమ్మడం నేరం. అయినా మన చుట్టుపక్కల మాండూళ్ కోసం తిరిగేవాళ్ళు తగ్గలేదు. తెలుగులో దాన్ని రెండు తలల పాము అంటాం. దానికి ఉన్నది ఒక్క తలే, తోక మొద్దుగా ఉండి తలలా కనిపిస్తుంది, అంతే. అది గుప్తనిధి చూపిస్తుందనీ, లక్షలు పలుకుతుందనీ పుకారు. బరువును బట్టి ధర అంటారు కనుక, దాన్ని బకెట్లో దాచి కోడిమాంసం, గుడ్డు, పాలు కుక్కుతారు. అది మట్టిలో దూరి బతికే జీవి. వెలుగులో, ప్లాస్టిక్ గోడల మధ్య భయపడి అంతా కక్కుతుంది. వీళ్ళు మళ్ళీ కుక్కుతారు. సాంచా నడిపి వారం కూలీ తెచ్చుకునేవాడు ఈ ఆశకు పడి బయానా ఇచ్చి పోగొట్టుకుంటే, ఆ మూగజీవి చావుతో పాటు ఇంట్లో అప్పు కూడా మిగులుతుంది. పైగా జైలు.

ఇక నాగపంచమి పాలు. పాముకు పాలు పోసి పెంచినట్టు అనే సామెత మన అందరి నోటా ఉంది. ఆ సామెతలో పాము విశ్వాసం మీద అనుమానం ఉంది కానీ పాల మీద లేదు, అదే చిత్రం. పాము పాలిచ్చే జంతువు కాదు, దానికి పాలు అరగవు. మరి గారడీవాడి బుట్టలో నాగుపాము తాగుతుంది కదా అంటారా? రోజుల తరబడి నీళ్ళు ఇవ్వకుండా ఎండబెడతారు. గొంతెండిన పాము ముందు ఏ ద్రవం పెట్టినా తాగుతుంది. అవి కొంత కడుపులో విరిగి బయటికి వస్తాయి, కొంత ఊపిరితిత్తుల్లోకి పోయి రొప్పు పుట్టిస్తాయి. దాని కోరలు అప్పటికే పీకి ఉంటారు, ఆ పుండు వేరు. బుట్టల వాళ్ళు ఇదివరకంత బాహాటంగా తిరగడం లేదు కానీ, సందుల్లో ఇంకా కనిపిస్తున్నారు. మా అవ్వ గోడ మీద పసుపుతో, బొగ్గుతో నాగుణ్ణి గీసి పాలు, పేలాలు నైవేద్యం పెట్టేది. ఆ పాలు తరువాత మేమే తాగేవాళ్ళం. పూజకు ఏ లోపమూ రాలేదు.

ఈ పంచమికి మీ గడపలోకి బుట్ట వస్తేగానీ, ఎక్కడైనా పామును బంధించినట్టు తెలిస్తేగానీ, మహారాష్ట్ర అటవీశాఖ ఫోను నంబరు 1926. షెడ్డులో పాము కనిపిస్తే కర్ర తియ్యకండి. సాంచా ఆపి, పిల్లల్ని దూరంగా పంపి, ఒక్కరు మాత్రం అది ఎటు పోతోందో ఎడంగా నిలబడి చూస్తుంటే చాలు. సర్పమిత్ర వచ్చాక అది ఎలుకను కక్కితే, ఆ ఎలుక మీ గంజి తిన్నదే.

సెలవు.