చేతులు పనిలో ఉంటే ‘స్కిప్’ ఎవరు నొక్కాలి?

(షోలాపూర్‌లో జరిగిన మన యూనియన్ నెలవారీ సమావేశంలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



బోనస్ సంగతి మాట్లాడుకున్నాం. ప్రావిడెంట్ ఫండ్ సంగతి మాట్లాడుకున్నాం. ఇక ఫోనులో వీడియోల మధ్య వచ్చే ప్రకటనల మీద మాట్లాడతానంటే కమిటీలోనే ఇద్దరు ముగ్గురు నవ్వారు. “సెక్రెటరీ సాబ్, అది కూడా యూనియన్ పనేనా? యాడ్ వస్తే స్కిప్ నొక్కితే అయిపాయె” అన్నారు. ఆ మాటకు జవాబు చెప్పడానికే లేచాను.

మా ఇంట్లో మా ఆవిడ బీడీలు చేస్తుంది. మధ్యాహ్నం వంట పని ముగించుకుని, చాట ఒళ్ళో పెట్టుకుని, ఫోను గోడకు ఆనించి ఒగ్గు కథ పెట్టుకుంటుంది. మా తాత కరీంనగర్ జిల్లా నుండి వచ్చి ఇక్కడ మగ్గం పట్టాడు. మూడు తరాలైంది. మా పిల్లలు బడిలో మరాఠీ చదివారు. అయినా మల్లన్న కథ మాత్రం ఆ ఊరి గొంతుతో వింటేనే ఆమెకు విన్నట్టు. ఒకప్పుడు ఏడాదికోసారి ఊరికి పోతే దొరికే కథ, ఇప్పుడు రోజూ ఇంట్లోనే దొరుకుతోంది. ఇది మంచిదే. కాదనను.

ఒకనాడు సెలవు పెట్టి నేను ఇంట్లో ఉన్నాను. కథ మంచి పట్టులో ఉంది. డోలు దెబ్బ పడింది. గొల్ల కేతమ్మ మాట అందుకోబోతోంది. అంతలో మరుగుదొడ్డి కడిగే మందు వచ్చింది. అది పోయి అయిదు నిమిషాల్లో అప్పు ఇచ్చే యాప్ వచ్చింది. కాసేపు కథ నడిచిందో లేదో, ఎవరో ఒకాయన కుర్చీలో కూర్చుని షేర్లు ఎట్లా కొనాలో చెప్పడం మొదలుపెట్టాడు. నాలుగు నిమిషాలైనా ఆయన పాఠం అయిపోలేదు. మూలన స్కిప్ బొత్తాం ఉంది. కాని ఆవిడ ఎడమ చేతిలో ఆకు, కుడి చేతిలో తంబాకు. “నొక్కరాదా?” అన్నాను. “ఎన్నిసార్లని నొక్కుత? చెయ్యి ఆపితే బీడీలు పోతయి, ఆపకుంటే కథ పోతది” అన్నది.

మిత్రులారా, ముప్పై ఏళ్ళుగా యూనియన్‌లో ఉండి నేను చాలా ప్రసంగాలు విన్నాను. ఇంత సూటిగా మాట్లాడినవాళ్ళు తక్కువ.

మర్నాడు నేను గడియారం ముందు పెట్టుకుని నోటుబుక్కులో రాశాను. ఒక గంటలో ఆరుసార్లు కథ ఆగింది. ఏదీ నొక్కకుండా వదిలేస్తే మొత్తం 14 నిమిషాలు పోయింది. అన్ని రోజులూ ఒకేలా ఉండవు, అందరికీ ఇన్నే రావు. అయినా లెక్కకు రోజుకు ఈ ఒక్క గంటే తీసుకోండి. రోజుకు 14 నిమిషాలంటే నెలకు 7 గంటలు. ఏడాదికి 85 గంటలు. అంటే ఎనిమిది గంటల పాళీలు పదికి పైనే. పగార్ లేని పాళీలు! మన మాలిక్ పది పాళీలు ఉత్తినే చేయమంటే మనం గేటు ముందు కూర్చుంటాం కదా?

సాంచెల సంగతి చూడండి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని సాంచెల మధ్య తిరగవద్దని మనమే చెబుతున్నాం, అది ప్రాణానికి ప్రమాదం. కాని సాంచె ఆగినప్పుడు? పాత నాడె సాంచెల మీద చెయ్యి తిరిగినవాడు కొత్త రేపియర్ సాంచె ముందు నిలబడితే కొన్ని సంగతులు తెలియవు. పిల్లలు వెంటనే ఫోను తీసి, దాన్ని బాగుచేసే వీడియో వెతుకుతారు. నేనూ వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను. అక్కడ సాంచె ఆగి ఉంది, మీటరు లెక్క పగార్ ఆగి ఉంది, చేతికంతా నూనె. ఏ స్క్రూ తిప్పాలో చెప్పబోయే ముందు సబ్బు ప్రకటన! స్కిప్ నొక్కుదామంటే నూనె వేలికి తెర పలకదు.

ఇదివరకు ప్రకటనలు లేవా అంటారు. ఉన్నాయి. సినిమా హాలులో ఇంటర్వెల్‌కు స్లైడ్లు వేసేవారు. మనం సోడా తాగడానికి బయటికి పోయేవాళ్ళం. 1987లో దూరదర్శన్‌లో రామాయణం వచ్చినప్పుడు ముందు వరుసగా ప్రకటనలు వచ్చేవి. చాల్‌లో టి.వి. ఉన్న ఒక్క ఇంట్లో నలభై మందిమి కూర్చుని ఓపికగా చూసేవాళ్ళం. ఒగ్గు కథ చెప్పేవాళ్ళు కూడా మధ్యలో ఆగి కట్నం అడిగేవారు. కాని ఆ డబ్బు మన కళ్ళ ముందే కథ చెప్పినవాడి చేతికి పోయేది. ఎప్పుడు ఆపాలో కథ తెలిసిన మనిషికి తెలుసు. యంత్రానికి కేతమ్మ ఎవరో తెలియదు.

“ఉచితంగా ఇస్తున్నారు, ఆ మాత్రం ఓర్చుకోవద్దా?” అని ఒక మాట ఉంది. ఈ ‘ఉచితం’ అనే మాటను బాగా తరచి చూడాలి. యూట్యూబ్ 2005లో పుట్టింది. 2006లో గూగుల్ దాన్ని 165 కోట్ల డాలర్లకు కొన్నది. 2024 ఒక్క ఏడాదిలో యూట్యూబ్ ప్రకటనల మీద వచ్చిన రాబడి 3,600 కోట్ల డాలర్లకు పైనే. ఈ డబ్బు ఎక్కడి నుండి వచ్చింది? సబ్బుల కంపెనీ ఇచ్చింది. సబ్బుల కంపెనీ దేనికి ఇచ్చింది? మన చూపు కోసం. అంటే అక్కడ అమ్ముడుపోయిన సరుకు మన సమయం. బట్ట నేసేది మనం, అమ్మేది మాలిక్ అన్నట్టే ఇదీ. పైగా ఆ ప్రకటన మన ఫోనులోకి రావడానికి అయ్యే డేటా కూడా మన రీచార్జి లోనుండే పోతుంది. పెళ్ళివారికి భోజనం పెట్టి, విస్తరాకు ఖర్చు కూడా మనమే భరించినట్టు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. యూట్యూబ్‌తో ఒప్పందం ఉన్న ఛానెళ్ళకు మామూలు వీడియోల ప్రకటన రాబడిలో 55 శాతం ఇస్తారు. సాంచె పని నేర్పే కుర్రవాడికి, ఊళ్ళో కథ చెప్పే కళాకారుడికి దాని వల్ల నాలుగు రూపాయలు వస్తే మనకు సంతోషమే. ప్రకటనలే వద్దని నేను అనడం లేదు. హద్దు లేకపోవడం మీదే నా కొట్లాట. వీడియో మధ్యలో ప్రకటనలు పెట్టాలంటే ఇదివరకు అది 10 నిమిషాలైనా ఉండాలి. 2020 జూలైలో దాన్ని 8 నిమిషాలకు తగ్గించారు. 2021 జూన్ నుండి, ఒప్పందం లేని చిన్న ఛానెళ్ళ వీడియోల మీద కూడా ప్రకటనలు వేసే హక్కు కంపెనీ తీసుకుంది. రేపు మన యూనియన్ మే డే సభ వీడియో పెట్టిందనుకోండి. దాని ముందు అప్పుల యాప్ ప్రకటన రావచ్చు, మనకు పైసా రాదు, వద్దనే అధికారం మనకు లేదు.

ప్రకటనలు వద్దనుకుంటే డబ్బు కట్టమంటారు. యూట్యూబ్ ప్రీమియం మన దేశంలో 2019లో నెలకు రు. 129తో మొదలైంది. 2024 ఆగస్టులో రు. 149 చేశారు. ఇంటిల్లిపాదికీ కలిపి ఉండేది రు. 189 నుండి ఒక్కసారే రు. 299కి పెంచారు. అమెజాన్ ప్రైమ్ వీడియో సంగతి ఇంకో రకం. అక్కడ ముందే చందా కట్టినవాళ్ళకు 2025 జూన్ 17 నుండి ప్రకటనలు మొదలుపెట్టి, అవి వద్దంటే ఏడాదికి ఇంకో రు. 699 కట్టమన్నారు. అద్దె కట్టి ఉంటున్న ఇంట్లో గోడ తీసేసి, గోడ కావాలంటే వేరే అద్దె అన్నట్టుంది! ఆఫీసరుకు ఇవి చిన్న మొత్తాలు. బీడీల లెక్కన, మీటర్ల లెక్కన బతికేవాళ్ళకు కాదు. అందువల్ల తేలేదేమిటి? ఉన్నవాడి సాయంత్రం నిశ్శబ్దంగా ఉంటుంది, లేనివాడి సాయంత్రం అమ్ముడుపోతుంది.

ఇక ఆ ప్రకటనల్లో ఏముంటుందో చూడండి. మన సభ్యుల్లో ఒక అబ్బాయి ఉన్నాడు, పేరు చెప్పను. పాటల మధ్య రోజూ రమ్మీ ప్రకటన చూసి చూసి, ఒకనాడు ఆడాడు. దీపావళి బోనస్ రెండు రాత్రుల్లో పోయింది. ఇంట్లో చెప్పలేక, ఇంకో ప్రకటన చూసి యాప్‌లో అప్పు తీసుకున్నాడు. అప్పు కట్టలేకపోతే వాళ్ళు అతని ఫోనులో ఉన్న పేర్లన్నిటికీ ఫోన్లు చేశారు. నాకూ చేశారు. అట్లాగే ఈ సంగతి యూనియన్ ఆఫీసుకు చేరింది. ఆ అబ్బాయి తప్పు లేదనను. కాని అడగకుండానే రోజుకు పదిసార్లు ఇంట్లోకి వచ్చి పేకముక్కలు చూపించినవాడిది తప్పు కాదా? 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనూ వాటి ప్రకటనలనూ నిషేధించింది. మంచిదే. ప్రభుత్వం తలచుకుంటే ప్రకటనలకు హద్దు పెట్టగలదని దానితో తేలింది.

హద్దు అనేది మనకు కొత్త మాట కాదు. బొంబాయి మిల్లు కార్మికులకు వారానికి ఒక్క సెలవు కూడా లేని రోజుల్లో, 1884లో నారాయణ మేఘాజీ లోఖండే కార్మికులను కూడగట్టి ఆదివారం సెలవు అడిగాడు. 1890 జూన్ 10న అది దక్కింది. 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలని, అయిదు గంటలకు మించి ఏకబిగిన పని చేయించరాదని, కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని రాసింది. 2025 నవంబరులో వచ్చిన కొత్త కోడ్‌ల మీద వేరే సమావేశం పెట్టుకుందాం. ఇప్పుడు చెప్పేది ఒక్కటే. పాళీ దిగిన తర్వాతి గంటలు మనకు ఎవరూ దానం చేయలేదు. భోంగా మోగగానే ఇంటికి పోయే హక్కు కోసం మన పెద్దలు కొట్లాడారు. ఆ గంటల్లోకి ఇంకొకడు చెప్పకుండా చొరబడితే అడిగే హక్కు యూనియన్‌కు ఉంది.

టి.వి.కి హద్దు రాశారు. 2012లో ట్రాయ్ గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయరాదని నియమం చేసింది. 2013లో ఛానెళ్ళు దాని మీద కోర్టుకెక్కాయి, అది వేరే కథ. కాని టి.వి. గురించి కనీసం ఒక అంకె కాగితం మీద ఉంది. ఫోను వీడియోలకు అట్లాంటి అంకే లేదు. నా నోటుబుక్కులోని 14 నిమిషాలు ఎక్కువా తక్కువా అని ఎవరిని అడగాలి?

అంకె వచ్చేలోగా మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. గూగుల్ ఖాతాలో ‘మై యాడ్ సెంటర్’ అని ఉంటుంది. జూదం, మద్యం వంటి ప్రకటనలు తగ్గించమని అందులో పెట్టవచ్చు. మన ఆఫీసులో కుర్రవాళ్ళు చేసి పెడతారు, ఫోను తెచ్చుకోండి. ప్రకటన చూసి అప్పు తీసుకోకండి. అప్పుల యాప్‌ల జాబితా 2025 జూలై నుండి రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో ఉంది. అందులో పేరు లేని యాప్ జోలికి పోవద్దు. ఉన్నా సరే, ముందు మమ్మల్ని అడగండి. మోసపు ప్రకటన కనబడితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి.

ఈ సభ ముందు ఒక తీర్మానం పెడుతున్నాను. ఫోను వీడియోలలో గంటకు ఇన్ని నిమిషాలే ప్రకటనలు ఉండాలని ప్రభుత్వం నిర్ణయించాలి. ఎవరూ నొక్కకపోయినా ప్రకటన కొద్ది సెకన్లలో దానంతటదే ఆగిపోవాలి. ముందే చందా కట్టినవాడికి ప్రకటన చూపరాదు. ఈ మూడింటినీ రాసి కేంద్ర ప్రభుత్వానికి, మన ఎం.పి.కి పంపుదాం.

రెండో కోరిక మా ఆవిడది. మొన్న నేను రాసుకుంటుంటే, “చేతులు పనిలో ఉన్నోళ్ళు కూడా ఉంటరని వాళ్ళకు రాయి” అన్నది. రాశాను. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!

(తీర్మానాన్ని సభ ఏకగ్రీవంగా ఆమోదించింది.)