పాలమూరు పల్లె స్త్రీలు నేర్పిన పాఠము

ముప్పదియేండ్లకు పైగా పల్లెబడులలో పాఠములు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. నాకే పాఠము నేర్పిన స్త్రీలనుగూర్చి నేడు మనవి చేసెదను.

1986 నాటి జాతీయ విద్యావిధానము ననుసరించి కేంద్రప్రభుత్వము మహిళా సమాఖ్య యను కార్యక్రమమును మొదట ఉత్తరప్రదేశము, గుజరాతు, కర్ణాటకములలో నారంభించెను. 1993లో నది 'మహిళా సమత' యను పేర మహబూబ్‌నగరు, మెదకు జిల్లాలకు వచ్చెను. ఇవి అప్పుల నిచ్చుటకై యేర్పడిన సంఘములు కావు. కూలిపని చేసికొను బీదస్త్రీలు రాత్రివేళ నొకచోట గూడి, తమ కష్టములు చెప్పుకొని, తామే ఉపాయము వెదకెడివారు. జోగిని దురాచారము, బాల్యవివాహములు, ఆడపిల్లల చదువు వారి ముఖ్య చర్చావిషయములుగ నుండెడివి.

ఒకనాటి సాయంకాలము అట్టి సంఘస్త్రీలు నలుగురు మా బడికి వచ్చి, ఒక బాలిక పేరు చెప్పి, "సారూ, ఈ పిల్ల వయసెంతో మీ రిజిస్టరుల జూసి జెప్పుండ్రి" అనిరి. ఆ బాలికకు పెండ్లి నిశ్చయమైనది. తండ్రి నాకు మిత్రుడు. "ఒకరి యింటి సంగతి మనకేల?" అంటిని.

"మీ బడిపిల్ల గాదా, సారూ?" అని వారిలో నొక వృద్ధురాలడిగెను.

నాకు మాట రాలేదు. పుస్తకము తెరచితిని. బాలికకు పదునాలుగేండ్లు. కన్యకు పదునెనిమిదేండ్లు నిండవలెనని 1978 నుండియు చట్టమున్నది. పెండ్లి యాగెను, పిల్ల మరల బడికి వచ్చెను. మిత్రుడు మాత్రము చాలకాలము నాతో మాటలాడలేదు.

ఆ పుస్తకములో పుట్టిన తేదీలను నా చేతితోనే వ్రాసితిని. అవి పిల్లలకు రక్షణయని అక్షరములు రాని ఆ స్త్రీలు చెప్పువరకు నే నెరుగను.