పిల్లికి పచ్చి మాంసం పెట్టవచ్చునా?



పిల్లిని పెంచడం మన ఇళ్ళల్లో కొత్తేమీ కాదు. వెనుకటి రోజుల్లో ఎలుకల బాధ పడలేక పిల్లిని వుంచుకునేవారు. దాని తిండి అదే చూసుకునేది. మనం ఇంత అన్నం పెట్టినా, మరచిపోయినా, అటక మీదో గాదె కిందో దానికి భోజనం దొరికేది. ఇప్పుడలా కాదు. మూడో అంతస్తు ఫ్లాటులో తలుపులు మూసుకుని వుండే పిల్లికి ఎలుక కంటబడడమే అపురూపం. అంటే దాని కడుపు పూర్తిగా మన చేతిలో వున్నదన్నమాట. అక్కడే వచ్చింది చిక్కు. ఒక యింట్లో పొద్దునా సాయంత్రం పెరుగన్నమే పెడతారు. పక్కింట్లో "పిల్లిది పులిజాతి, పచ్చి మాంసమే దానికి బలం" అని చికెన్ కొట్టు నుంచి నాలుగు పచ్చి ముక్కలు తెచ్చి పడేస్తారు. ఈ రెండింటిలో ఏది మంచిదో యీవేళ కాస్త ఆలోచిద్దాం.

మొదట పెరుగన్నం సంగతి. మనం క్యారెట్టు తింటే అందులోని పదార్థాన్ని మన శరీరం ఎ విటమినుగా మార్చుకుంటుంది. పిల్లి శరీరానికి ఆ విద్య రాదు. దానికి ఎ విటమిను జంతువుల ఆహారం నుంచి తయారుగానే అందాలి. టారిన్ అనే మరో పదార్థం వుంది. అది మాంసంలోనే ఎక్కువగా దొరుకుతుంది. టారిన్ చాలకపోతే పిల్లికి క్రమంగా చూపు పోతుందని 1975లో శాస్త్రజ్ఞులు చూపించారు. గుండె కండరాలు బలహీనపడి ప్రాణానికే ముప్పు వస్తుందని 1987లో తేల్చారు. కాబట్టి పిల్లికి మాంసాహారం ముచ్చట కాదు, అవసరం. మాంసం గడప తొక్కని ఇళ్ళవారు కూడా యీ మాట గుర్తుంచుకోవాలి. మన ఆచారం మనది, దాని ఒంటి తీరు దానిది. అటువంటివారు పిల్లులకోసమే తయారుచేసిన, పూర్తి ఆహారమని పొట్లం మీద రాసివున్న తిండి కొనిపెట్టడం మంచిది.

మరి మాంసం కావాలి సరే, అది పచ్చిగానే కావాలా? "అడవిలో పొయ్యి ఎవరు వెలిగించారండీ?" అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ పిల్లి ఎలుకను పట్టుకున్నప్పుడు ఏం తింటుందో చూడండి. కండ, కార్జం, గుండె, నెత్తురు, చిన్న చిన్న ఎముకలు, అన్నీ తింటుంది. అదీ ప్రాణం పోయిన మరుక్షణమే. మనం తెచ్చే ముక్కలు అలాంటివా? పదుల కోళ్ళను కొట్టిన మొద్దు మీద, అదే కత్తితో కొట్టినవి. వట్టి కండ మాత్రమే వున్నవి. ఎలుక పూర్తి భోజనం, చికెన్ ముక్క అందులో ఒక కూర మాత్రమే.

ఈ తేడా చిన్నదేమీ కాదు. వట్టి కండలో భాస్వరం బోలెడు, సున్నం బహు తక్కువ. ఎదిగే పిల్లికూనకి అదొక్కటే పెడితే, చాలని సున్నాన్ని శరీరం ఎముకల్లోంచే లాక్కుంటుంది. కాళ్ళు వంకర పోతాయి, గెంతితే ఎముక విరుగుతుంది. పోనీ అని రోజూ కార్జమే పెడితే ఎ విటమిను మితిమీరి మెడ ఎముకలు అతుక్కుపోయి, తల తిప్పలేని స్థితి వస్తుంది. కొన్ని రకాల పచ్చి చేపల్లో బి1 విటమినును నాశనం చేసే గుణం వుంది. అవే తింటూంటే పిల్లి తల వేలాడేసి, చివరికి మూర్ఛలు కూడా వస్తాయి. వండితే చేపలోని ఆ గుణం పోతుంది.

పచ్చి మాంసాన్ని సమర్థించేవారు ఒక ప్రయోగం పేరు చెబుతూంటారు. 1932 నుంచి 1942 దాకా కాలిఫోర్నియాలో డాక్టర్ ఫ్రాన్సిస్ పాటెంజర్ సుమారు 900 పిల్లుల మీద చేసిన పరిశీలన అది. పచ్చి మాంసం తిన్నవి బాగున్నాయి, వండిన మాంసం తిన్నవి తరతరానికీ క్షీణించాయి అన్నారాయన. కానీ పిల్లికి టారిన్ కావాలని ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు. టారిన్ నీళ్ళలో కరుగుతుంది. ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే అందులో కొంత పోతుంది. ఆ పిల్లుల లోపం చాలావరకు ఇదే కావచ్చునని తరువాతి నిపుణులు భావించారు. అంటే తప్పు పొయ్యిది కాదు, పారబోసిన నీళ్ళది. ముక్కతోపాటు ఆ నీళ్ళు కూడా పిల్లికే పోస్తే సరిపోయె.

ఇక అసలు భయం క్రిములది. పచ్చి కోడిమాంసంలో సాల్మొనెల్లా వంటివి వుండవచ్చు. పిల్లి వాటిని తిని హాయిగా తిరుగుతూ కనిపించినా, దాని మలంలో అవి బయటికి వస్తూంటాయి. పిల్లి పళ్ళెం, దాని మూతి, దాన్ని ముద్దు చేసే మన పిల్లల చేతులు, ఇదీ వాటి దారి. ఫ్రిజ్‌లో గడ్డకట్టిస్తే చస్తాయనుకోకండి. అక్కడ నిద్రపోతాయంతే. 2024 డిసెంబరులో అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో గడ్డకట్టించిన పచ్చి మాంసాహారం తిన్న పెంపుడు పిల్లి ఒకటి బర్డ్ ఫ్లూతో చనిపోయింది. ఆ తిండిలోనూ పిల్లిలోనూ వున్నది ఒకే వైరస్ అని పరీక్షల్లో తేలింది. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల కోళ్ళలోనూ ఆ జబ్బు కనిపించింది కదా. బాగా ఉడికిస్తే ఆ వైరస్ నిలవదు. అమెరికా పశువైద్యుల సంఘం కూడా, కుక్కలకీ పిల్లులకీ పచ్చి మాంసం పెట్టవద్దని 2012లోనే సలహా యిచ్చింది.

ఇంట్లో గర్భవతి వుంటే మరింత జాగ్రత్త పడాలి. అమ్మాయి పురిటికి పుట్టింటికి వచ్చిందంటే చాలు, పెద్దవాళ్ళు "ముందా పిల్లిని తోలేయండి" అంటారు. పాపం, అంత అవసరం లేదు. పచ్చి మాంసం వల్లగానీ, ఎలుకల వల్లగానీ పిల్లికి టాక్సోప్లాస్మా అనే క్రిమి పట్టుకోవచ్చు. మొదటిసారి పట్టినప్పుడు ఒకటి నుంచి మూడు వారాలపాటు దాని మలంలో ఆ క్రిమి గుడ్లు పడతాయి. గర్భిణికి కొత్తగా సోకితే కడుపులో బిడ్డ కళ్ళకీ, మెదడుకీ హాని కలగవచ్చు, గర్భస్రావమూ కావచ్చు. అయితే ఆ గుడ్లకి అంటుకునే శక్తి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. ఇంకెవరైనా ఇసుక తట్టను రోజూ శుభ్రం చేసి, పిల్లిని ఇంట్లోనే వుంచి, వండిన తిండే పెడితే భయం చాలామటుకు తీరినట్లే. గర్భిణి మాత్రం ఆ తట్ట జోలికి పోకూడదు. కూరలు బాగా కడగడం, మాంసం కోసిన పీట, కత్తి సబ్బుతో తోమడం ఎలాగూ తప్పదు. పిల్లి లేని ఇంట్లోనూ యీ క్రిమి అలా రావచ్చు మరి.

ఇంతకీ వండే తీరు చెబుతాను, వినండి. ఎముకలు తీసిన కోడి తొడ మాంసం, ఒకటి రెండు గుండెకాయలు తీసుకోండి. టారిన్ వీటిలో బాగా వుంటుంది. ముక్క మునిగేంత నీళ్ళే పోసి, లోపలి ఎరుపు పూర్తిగా పోయేదాకా ఉడికించండి. ఉప్పు, కారం, మసాలా ఏవీ వద్దు. ఉల్లి, వెల్లుల్లి అసలు తగలకూడదు. అవి పిల్లి నెత్తురుకి విషం. కాబట్టి మన కూరలోంచి తీసిన ముక్క కడిగి పెట్టినా పనికిరాదు. ఉడికిన ఎముక చీలి గొంతులో గుచ్చుకుంటుంది, అదీ వద్దు. చల్లార్చి, ఉడికిన నీళ్ళతో సహా పెట్టండి. మిగిలింది గంటలోపల తీసేయండి. కార్జం వారానికొకసారి చిన్న ముక్క చాలు.

ఒక్క మాట మాత్రం మరవకండి. ఇదొక్కటే పూర్తి భోజనం కాదు. ముఖ్యంగా పిల్లులకోసం తయారైన పూర్తి ఆహారం పెడుతూ, పదింట ఒక వంతు మాత్రమే యీ వంటకం చేర్చండి. లేదూ, ఇంటి వంటే పూర్తిగా పెడతానంటే, సున్నం ఎంత కలపాలో, టారిన్ ఎంత కలపాలో పశువైద్యుణ్ణి అడిగి ఒక కాగితం మీద రాయించుకోండి. వంటింటి గోడకి అంటిస్తే ఎవరు పెట్టినా తప్పు జరగదు. పిల్లి ఒక రోజంతా ఏమీ ముట్టకపోయినా, నడక తూలినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకుపోండి.

ఈ సాయంత్రం చికెన్ తెచ్చినప్పుడు మీ పిల్లి కాళ్ళ చుట్టూ తిరుగుతూ అరుస్తుంది. దాని అరుపు విని పచ్చి ముక్క పడేయకండి. పావుగంట ఆగమనండి. ఆ పావుగంట దానికీ మంచిది, ఇంట్లో పిల్లలకీ మంచిది.