ఇటాలియన్‌లో నాలుగు ప్రశ్నలు



1943–45లో మన 4, 8, 10వ డివిజన్లు ఇటలీలో పోరాడాయి. ఆ తర్వాత దక్షిణ లెబనాన్‌లో, ఐక్యరాజ్యసమితి దళంలో, మన జవాన్లు ఇటాలియన్లతో కలిసి పనిచేశారు. అలాంటి చోట నాలుగు మాటలొస్తే ఎంతో మేలు.

తెలుగువాళ్లకది కొంత సులువే. ఇటాలియన్ మాటలు కూడా చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి. మన గడి, గడ్డి లాగే అక్కడా ఒత్తుతో అర్థం మారుతుంది: ‘సేతె’ అంటే దాహం, ‘సెత్తె’ అంటే ఏడు. నువ్వు, మీరు తేడా వాళ్లకూ ఉంది: ‘తూ’, ‘లేయి’. కొత్తవారితో ‘లేయి’ మర్యాద.

‘కోమె సి క్యామా?’ – మీ పేరేమిటి? జవాబు, ‘మి క్యామో’ అని మన పేరు.
‘దొవే లాక్వా?’ – నీళ్లెక్కడ? జవాబులో ‘దెస్త్ర’ కుడి, ‘సినీస్త్ర’ ఎడమ.
‘క్వాంతో కోస్త?’ – ఖరీదెంత? దీనికి అంకెలు రావాలి.
‘పర్ల ఇంగ్లేసె?’ – ఇంగ్లీషు మాట్లాడతారా? ‘సి’ అవును, ‘నో’ కాదు.

అడగడం తేలికే, జవాబు పట్టుకోవడమే కష్టం. అందుకే ఒక్క మాటలో జవాబొచ్చే ప్రశ్నలే ముందు నేర్వండి. అర్థం కాకపోయినా మొహమాటానికి ‘సి’ అని తలూపకండి. ‘నోన్ కపీస్కో’, అర్థం కాలేదు, అనడం చిన్నతనం కాదు. గస్తీలో ఉత్తుత్తి ‘అవును’ ప్రాణాల మీదికి తెస్తుంది.

జై హింద్.