చట్టం మారేదాకా ఆగుదామా?

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు అప్పజెప్పిన విషయం నూలు ధర కాదు, సొసైటీ బకాయి కాదు. బయటి దేశాల్లో ఉన్న మన బిడ్డల కాగితాల సంగతి. ఒకప్పుడు ఈ సభలో ఈ మాట ఎత్తితే వినేవాళ్ళు ఉండేవారు కాదు. ఇప్పుడు మగ్గం ఆడుతున్న ఇంట్లోనే ఒక బిడ్డ డల్లాస్‌లో ఉంటాడు, ఇంకొకడు దుబాయిలో ఉంటాడు. ఆదివారం ఫోన్లో అమ్మ అడిగేది "తిన్నావా", నాన్న అడిగేది "గ్రీన్ కార్డు ఏమైంది". దానికి చాలామంది చెప్పే జవాబు ఒకటే: "కొత్త చట్టం వస్తుందంటున్నారు నాన్నా, వచ్చాక పెట్టుకుంటా."

ఆగాలా, ఇప్పుడున్న చట్టం కిందే పెట్టుకోవాలా? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అర్హత ఉన్నవాళ్ళు ఆగకూడదు. ఎందుకో చెప్పడానికి అమెరికా దాకా పోనక్కరలేదు, మన సముద్రానికి అవతలి ఒడ్డునే జరిగింది.

విరుదునగర్ అప్పుడు రామనాథపురం జిల్లాలో ఉండేది, కోవిల్‌పట్టి తిరునెల్వేలి జిల్లాలో. ఆ రెండు జిల్లాల నుంచి సిలోన్ తేయాకు తోటలకు వెళ్ళినవాళ్ళు చాలామంది. ఎక్కువమంది తమిళులే, వాళ్ళలో తెలుగు మాట్లాడే కుటుంబాలూ ఉండేవి. 1948లో సిలోన్‌కు స్వతంత్రం వచ్చింది. అదే ఏడాది వచ్చిన పౌరసత్వ చట్టం తోటల్లో తరాలుగా పనిచేస్తున్నవాళ్ళను ఏ దేశానికీ చెందనివాళ్ళుగా చేసేసింది. మరుసటేడు, 1949లో, ఇంకో చట్టం చేశారు. ఇన్నేళ్ళు ఇక్కడే ఉన్నామని రుజువు చూపిస్తే భారతీయులు, పాకిస్తానీలు దరఖాస్తు పెట్టుకోవచ్చు అన్నారు. పెళ్ళైనవాళ్ళకు ఏడేళ్ళు, పెళ్ళికానివాళ్ళకు పదేళ్ళు. గడువు రెండేళ్ళు, 1951 ఆగస్టు 5 దాకా.

తోట కూలీల తరఫున నిలబడిన సిలోన్ ఇండియన్ కాంగ్రెస్ మొదట ఆ చట్టాన్ని బహిష్కరించింది. పుట్టిన గడ్డమీద పౌరసత్వం అడుక్కోవడమేమిటి, ముందు చట్టం మార్చండి అని వాళ్ళ వాదన. వాళ్ళ కోపం న్యాయమైనదే, నేను తప్పుపట్టను. కానీ గడువు తేదీ కోపాన్ని చూసి ఆగదు కదండీ. చివరికి గడువు దగ్గరపడ్డాక, సరే పెట్టండి అన్నారు. ఒక్కసారిగా అందరూ ఎగబడ్డారు. సుమారు 2,37,000 దరఖాస్తులు, వాటిలో దాదాపు 8,25,000 మంది పేర్లు. చదువు రాని తల్లి, తోటలో పుట్టిన బిడ్డ, ఎక్కడా నమోదు కాని పెళ్ళి. వీటన్నిటికీ రుజువులు కూడగట్టుకోవడానికి మిగిలింది కొద్ది కాలమే.

ఆ చట్టం కింద చివరికి పౌరసత్వం దక్కింది సుమారు 1,34,000 మందికి. ఆలస్యం ఒక్కటే కారణమని నేననను. అధికారులు చాలా బిగువుగా చూశారు, మధ్యలో ఊరికొచ్చి ఎక్కువ కాలం ఉండిపోయినవాళ్ళ నివాసం తెగిపోయిందన్నారు. అయినా ఆ రెండేళ్ళలో మొదటి రోజు నుంచే కాగితాలు సర్దుకుని ఉంటే ఇంకెన్ని కుటుంబాలు నిలబడేవో!

మరి వాళ్ళు ఎదురుచూసిన మంచి చట్టం ఎప్పుడొచ్చింది? 1964 అక్టోబరు 30న సిరిమావో, శాస్త్రి ఒప్పందం చేసుకుని 9,75,000 మందిని పంచుకున్నారు. 5,25,000 మంది ఇండియాకు, 3,00,000 మంది సిలోన్‌కు. మిగిలిన 1,50,000 మందిని 1974లో చెరిసగం చేశారు. మనుషుల్ని పంచుకోవడమంటే అదీ. పడవెక్కి ఇటు వచ్చి మండపం శిబిరంలో దిగినవాళ్ళకు ఇక్కడ పిలుపు "సిలోన్‌వాళ్ళు", అక్కడేమో "ఇండియావాళ్ళు". వాళ్ళ కోసమూ బర్మా నుంచి వచ్చినవాళ్ళ కోసమూ 1969లో పెట్టిందే రెప్కో బ్యాంకు. శ్రీలంకలోనే మిగిలిపోయినవాళ్ళకు పౌరసత్వం ఇచ్చే చట్టం 2003లో వచ్చింది. 1951 నుంచి లెక్కపెట్టండి, 52 ఏళ్ళు. ఆనాడు దరఖాస్తు పెట్టాల్సిన వయసులో ఉన్నవాళ్ళలో ఆ చట్టం చూడటానికి మిగిలింది ఎందరని!

ఇంకా దగ్గరి సంగతి చెప్తాను. విరుదునగర్ పక్కన కుళ్ళూర్‌సందైలోను, ఎట్టయాపురం దగ్గర తాప్పాత్తిలోను శ్రీలంక నుంచి వచ్చిన తమిళుల శిబిరాలు మీరంతా చూసే ఉంటారు. 1983 గొడవల తర్వాత వచ్చినవాళ్ళు, వాళ్ళ బిడ్డలు. పౌరసత్వ చట్టం మారుతుందని ఏళ్ళ తరబడి చూశారు. 2019 డిసెంబరులో నిజంగానే మారింది. పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్ నుంచి వచ్చినవాళ్ళ పేర్లున్నాయి. శ్రీలంక పేరు లేదు.

కానీ 1986లో మండపం శిబిరంలో పుట్టిన ఒకామె పాత చట్టాన్నే తిరగేసింది. 1950 జనవరి 26 నుంచి 1987 జూలై 1కి ముందు వరకు ఇండియాలో పుట్టినవాళ్ళు పుట్టుకతోనే ఈ దేశ పౌరులని అందులో ముందు నుంచీ ఉంది. ఆమె పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టింది, కాదన్నారు. హైకోర్టు మదురై ధర్మాసనానికి వెళ్ళింది. 2022లో పాస్‌పోర్టు ఇవ్వమని తీర్పు వచ్చింది. 2024 ఎన్నికల్లో ఓటేసింది. కొత్త చట్టంలో ఆమెకు చోటు లేదు, పాతదాంట్లో ఉంది. ఆ చోటు వాడుకోవడానికి ఆమె చేతిలో ఉన్నది ఒక్క బర్త్ సర్టిఫికెట్.

ఇక అమెరికా. అక్కడ ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి 1,40,000. భార్యాబిడ్డలూ ఆ లెక్కలోనే. ఒక్కో దేశానికి సాధారణంగా 7 శాతం మించదు. అందుకే మనవాళ్ళ వరుస అంత పొడుగు. మాస్టర్స్ చదివినవాళ్ళు ఎక్కువగా ఉండే రెండో తరగతిలో 2025లో వంతు వచ్చింది 2012 ఆఖర్లో, 2013 మొదట్లో ఫైలు వేసినవాళ్ళకు.

ఇది మారుస్తామని వాళ్ళ పార్లమెంటులో అనడం కొత్త కాదు. 2013 జూన్‌లో సెనేట్‌లో పెద్ద బిల్లు 68 ఓట్లతో నెగ్గింది, కింది సభ దాన్ని చర్చకే తీసుకోలేదు. 2019 జూలైలో దేశాలవారీ పరిమితి తీసేసే బిల్లు కింది సభలో 365 ఓట్లతో నెగ్గింది, వ్యతిరేకంగా 65. మనవాళ్ళు స్వీట్లు పంచుకున్నారు. 2020 డిసెంబరులో సెనేట్ దాన్ని మార్పులతో ఆమోదించింది. రెండు సభల మాట కలవలేదు, బిల్లు అక్కడే పోయింది. 2022లో ఇంకోటి ఓటింగుకు రాకముందే వెనక్కి తీసుకున్నారు. ఇలా 2013లో ఆగినవాడు ఇంకా ఆగే ఉన్నాడు. అదే 2013లో ఫైలు వేసినవాడు వరుసలో ముందుకొచ్చేశాడు.

మార్పు అంటే మంచికే అని కూడా అనుకోవద్దు. 2025 సెప్టెంబరులో బయటి దేశం నుంచి కొత్తగా వచ్చే హెచ్1బికి లక్ష డాలర్ల రుసుం పెట్టారు. అదీ మార్పే. అప్పటికే వీసా మీద అక్కడ ఉన్నవాళ్ళకు అది తగల్లేదు.

ఈ వరుసలో మన బిడ్డకు దొరికే మొదటి గింజ "ప్రయారిటీ డేట్". కంపెనీ మొదటి దరఖాస్తు వేసిన రోజే ఆ తేదీ. తర్వాతి మెట్టు ఐ-140. అది ఆమోదమై నిలబడితే, ఉద్యోగం మారినా ఆ తేదీ మనతోనే వస్తుంది. ఆరేళ్ళు దాటాక కూడా హెచ్1బి పొడిగించుకోవచ్చు. భార్యకు పని చేసుకునే అనుమతి అడగవచ్చు. ఇవన్నీ గ్రీన్ కార్డు రాకముందే. మొదటి దరఖాస్తు ఖర్చు కంపెనీదే, అది అక్కడి నియమం. కాబట్టి "వచ్చే ఏడాది చూద్దాం" అని మేనేజరు అంటే బిడ్డ తల ఊపి ఊరుకోకూడదు. అడగాలి. మనవాళ్ళకు అడగడం మొహమాటం, అదే చేటు తెస్తోంది.

2007 జూలై కథ తెలిసినవాళ్ళు చేతులెత్తండి. ఇద్దరు, ముగ్గురు. సరే చెప్తాను. ఆ నెల దాదాపు అన్ని తరగతుల తేదీలూ తెరిచేశారు, అంటే వరుసతో పనిలేకుండా ఆఖరి దరఖాస్తు వేసుకోవచ్చు. జూలై 2న ఉన్నట్టుండి లేదు పొమ్మన్నారు. మనవాళ్ళు మున్నాభాయ్ సినిమాలోలాగా ఇమ్మిగ్రేషన్ ఆఫీసు పెద్దకు వందలకొద్దీ పూలగుత్తులు పంపారు, కోపంగా ఒక్క మాట లేదు. ఆయన వాటిని గాయపడిన సైనికులున్న ఆసుపత్రికి పంపించేశారు. జూలై 17న తలుపు మళ్ళీ తీసి ఆగస్టు 17 దాకా తీసుకున్నారు. ఆ నెల రోజుల్లో లోపలికి వెళ్ళగలిగింది ఎవరు? కంపెనీ దరఖాస్తు అప్పటికే ఆమోదమై, పెళ్ళి కాగితం, బర్త్ సర్టిఫికెట్, డాక్టరు పరీక్ష సిద్ధంగా ఉన్నవాళ్ళు. వాళ్ళకు పని అనుమతి కార్డు వచ్చింది, ఊళ్ళో చావు కబురు వస్తే వీసా భయం లేకుండా వచ్చి తిరిగి వెళ్ళే కాగితం వచ్చింది. 2020 అక్టోబరులోనూ తేదీలు ఒక్కసారి ముందుకు దూకాయి. అప్పుడూ అంతే.

ఇక్కడే అమ్మానాన్నల పని మొదలవుతుంది. ఇది కాస్త నెమ్మదిగా చెప్పనివ్వండి, ఎందుకంటే మనకున్న చిక్కు హైదరాబాదువాళ్ళకు లేదు. మన పేరు ఇంట్లో తెలుగు. ఆసుపత్రి రిజిస్టరులో తమిళం. బడిలో తమిళం నుంచి ఇంగ్లీషు. తమిళంలో క, గ లకు ఒకటే అక్షరం, ప, బ, భ లకూ ఒకటే. గోవిందమ్మ ఒక కాగితంలో కోవిందమ్మ, ఇంకోదాంట్లో గోవిందమ్మాళ్. భాస్కరుడు పాస్కర్. మనకు నవ్వొస్తుంది. అక్కడి ఆఫీసరుకు వాళ్ళు ఇద్దరు మనుషులు.

రెండోది ఇనీషియల్. మనకు ఇంటిపేరు ఉంది, కానీ తమిళనాడు పద్ధతిలో కాగితాల్లో వేసేది తండ్రి పేరు మొదటి అక్షరం. పాస్‌పోర్టులో ఒకటే పేరుంటే అమెరికా వీసాలో దాన్ని ఇంటిపేరు గడిలో వేసి, అసలు పేరు గడిలో "ఎఫ్ఎన్‌యు" అని కొడతారు. పేరు తెలియదని అర్థం. తల్లి పెట్టిన పేరు అలా మారిపోతుంది! బిడ్డ బయల్దేరకముందే పాస్‌పోర్టులో రెండు గళ్ళూ నింపించండి. ఆ రెండు పేర్లూ పదో తరగతి మార్కుల కాగితంతో సరిపోయేలా చూడండి.

మూడోది బర్త్ సర్టిఫికెట్. కొంతమందికి ఉంటుంది, అందులో పేరు గడి ఖాళీ. "ఆడ శిశువు" అని మాత్రం ఉంటుంది. మునిసిపాలిటీలో అడిగి పేరు చేర్పించుకోవాలి. మంత్రసాని చేతి మీద ఇంట్లో పుట్టినవాళ్ళకు అసలు నమోదే ఉండదు. వాళ్ళకు నమోదు లేదని ఆఫీసు ఇచ్చే కాగితం కావాలి. దానితోపాటు పుట్టుక తెలిసిన పెద్దలిద్దరి ప్రమాణ పత్రాలు. ఆ పెద్దలు బతికుండగానే రాయించుకోవాలి. అత్త, మేనమామ ఇప్పుడు సంతకం పెట్టగలరు, ఇంకో పదేళ్ళకు ఎవరు పెడతారు? గుళ్ళో చేసిన పెళ్ళి అయితే రిజిస్టరు ఆఫీసులో నమోదు చేయించండి. కొత్త చట్టం వచ్చినా ఈ కాగితాలే అడుగుతారు. 1986లో అమెరికా సుమారు 27 లక్షలమందికి క్షమాభిక్షలాగా స్థిర నివాసం ఇచ్చింది. వాళ్ళలో ఎక్కువమందిని, 1982 జనవరి 1కి ముందు నుంచీ ఇక్కడే ఉన్నావా, రుజువు చూపించు అనే అడిగింది.

అందరికీ ఒకే మాట చెప్పలేను. వీసా గడువు దాటిపోయి ఉన్న బిడ్డ అయితే తొందరపడి ఏదో ఒక ఫారం వేయకూడదు. వేసిన దరఖాస్తే పట్టిచ్చే సందర్భాలున్నాయి. ముందు లైసెన్సు ఉన్న ఇమ్మిగ్రేషన్ లాయరును కలవాలి, వాట్సాప్‌లో సలహా ఇచ్చే అన్నను కాదు. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గొడవ గుర్తుంది కదా. అది ప్రభుత్వమే పెట్టిన వల. క్లాసుల్లేకుండా స్టేటస్ నిలుస్తుందని ఫీజు కట్టిన 129 మంది మన దేశపు పిల్లలు పట్టుబడ్డారు, తెలుగువాళ్ళే చాలామంది. గల్ఫ్ సంగతి వేరు. అక్కడ క్షమాభిక్ష అప్పుడప్పుడు నిజంగానే వస్తుంది. ఎమిరేట్స్‌లో 2018లో వచ్చింది, 2024లో వచ్చింది. అయినా అది వచ్చేదాకా రోజుకో జరిమానా, చేతిలో పాస్‌పోర్టు లేదు, తండ్రి పోయినా రాలేని బతుకు. వచ్చినప్పుడు మాత్రం మొదటి వారంలోనే ఎంబసీకి వెళ్ళాలి, ఆఖరి వారంలో కాదు.

పెద్దలు గంట కొట్టేలా ఉన్నారు. భోజనాలయ్యాక పక్క గదిలో కూర్చుంటాను. బిడ్డల పాస్‌పోర్టు జెరాక్సు, బర్త్ సర్టిఫికెట్, పదో తరగతి కాగితం తెచ్చినవాళ్ళు రండి. మూడింట్లో పేరు ఒకేలా ఉందో లేదో ముందు అది చూద్దాం. తేనివాళ్ళు ఇంటికెళ్ళి బీరువాలో వెతికి, ఫోన్లో ఫోటో తీసి పెట్టుకుని నాకు చెప్పండి.