పెరటి మడి – కార్మికుని హక్కు

(ఖరగ్‌పూర్ ఝపటాపూర్‌లో రైల్వే కార్మికుల, కాంట్రాక్టు కార్మికుల కుటుంబాల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



సంఘ వేదికపై నుండి వేతనాలను గురించి, బోనస్‌ను గురించి, భర్తీ కాని ఖాళీలను గురించి వినడం మీకు అలవాటు. ఈనాడు తోటకూరను గురించి, కొత్తిమీరను గురించి మాట్లాడుతామని మేము ప్రకటించగానే కొందరు సోదరులు నవ్వుకొన్నారు. నవ్వవలసిన విషయం కాదిది. మన కరువుభత్యానికి ఆధారమైన పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచికలో ఆహార పానీయాల వాటా 2001 శ్రేణిలో 46 శాతానికి పైగా ఉండేది. 2016 శ్రేణిలో దానిని సుమారు 39 శాతానికి తగ్గించారు. లెక్కలో వాటా తగ్గినంత మాత్రాన బజారులో టమాటా ధర తగ్గదు. కూరగాయలు మండిపోయిన నెలలో ఆ లోటును పూడ్చేది ఇంటి ఇల్లాలే. కావున కూరల సంచి కూడా సంఘం పట్టించుకోవలసిన విషయమే.

అయితే ఒక మాట ముందుగానే స్పష్టం చేయవలసి ఉన్నది. పెరటి తోట వేతనానికి ప్రత్యామ్నాయం కాదు. “కూరలు పండించుకొంటున్నారు గదా, మీకు భత్యమెందుకు?” అని ఎవరైనా అడిగిన యెడల, ఆ పెరటిలో చెమటోడ్చినది కూడా మేమేనని సమాధానం చెప్పండి.

ఇది 1927లో సమ్మె చేసిన ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుండి, గంజాం నుండి మన పెద్దలు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. వర్క్‌షాపులో ఇనుముతో పని చేసినా వారు సేద్యం తెలిసిన కుటుంబాలవారు. క్వార్టరు వెనుక ఆనప పాదు, గోంగూర మడి వేయడం వారికి ఎవరూ నేర్పవలసిన పని లేకపోయింది. ఈ తరం వారిలో చాలామందికి ఆ పని తెలియదు. కాంట్రాక్టు కార్మికులలో ఎందరికో అద్దె గది తప్ప పెరడే లేదు. అట్టివారి కోసమే మొదటి నుండి చెబుతాము.

మొదటి విషయం విత్తనం. కొత్తవారు పది రకాలు ఒకేసారి వేయరాదు. తోటకూర, మెంతి, బెండ – ఈ మూడింటితో ఆరంభించండి. విత్తే ముందు గింజను పరీక్షించండి. పది గింజలను తడిగుడ్డలో చుట్టి, గుడ్డ ఆరిపోకుండా చూడండి. వారం రోజులలో ఏడెనిమిది మొలిస్తే గింజ మంచిది. మూడు నాలుగే మొలిస్తే దానిని నమ్ముకొని మడి వేయడం వృథా. దుకాణపు పొట్లంలో గులాబీ రంగో మరొక రంగో పూసిన గింజలుంటే వాటికి తెగులు మందు పట్టించారని అర్థం. వాటిని పిల్లలకు అందనీయరాదు, వంటకు వాడరాదు, చల్లిన తరువాత చేతులు కడుక్కోవాలి.

రెండవది నేల. ఇక్కడిది ఎర్రని మొరం నేల. నీరు నిలవదు, సారం తక్కువ, పులుపు గుణం ఎక్కువ. దీనిని తిట్టుకొని ప్రయోజనం లేదు, బాగు చేసుకోవాలి. గులక ఏరివేసి, మట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలిపితే నారుమడికి, తొట్టికి సరిపోతుంది. పచ్చి పేడ వేస్తే లేత వేరు మాడిపోతుంది. వంటింటి తొక్కలను, ఎండుటాకులను గోతిలో వేసి రెండు మూడు నెలలు మాగనిస్తే ఖర్చు లేని ఎరువు తయారవుతుంది.

పెరడు లేనివారికి పాత బకెట్లు, గోనె సంచులు చాలు. అడుగున రంధ్రాలు తప్పనిసరి. కాని వర్క్‌షాపు నుండి వచ్చిన రంగు డబ్బాలను, రసాయనాల డబ్బాలను, నూనె పీపాలను ఎంత కడిగినా కూరలకు వాడరాదు. పనిచోట మన ఊపిరితిత్తులకు పట్టిన విషం చాలు. దానిని పిల్లల కంచంలోకి తీసుకొని రావద్దు. మురుగు కాలువ నీరు ఆకుకూరలకు పెట్టరాదు.

మూడవది విత్తే పద్ధతి. గింజ మందానికి రెండు మూడింతల లోతున విత్తితే చాలును. తోటకూర గింజ ఆవగింజ కన్నా చిన్నది. ఇసుకలో కలిపి చల్లి, పైన పలుచగా మట్టి జల్లండి. ధనియాలను నెమ్మదిగా నలిపి రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి విత్తండి. మొలవడానికి పది రోజులు, ఒక్కొక్కప్పుడు రెండు వారాలు పడుతుంది. తొందరపడి మట్టి త్రవ్వి చూడవద్దు. మెంతి నాలుగైదు రోజులలోనే మొలుస్తుంది. బెండ, చిక్కుడు, ఆనప, బీర నేరుగా నేలలో వేయాలి. టమాటా, వంగ, మిరప ముందు నారు పోసి, నాలుగైదు వారాల తరువాత సాయంత్రం పూట నాటాలి. పుదీనాకు గింజ కోసం వెదకనక్కరలేదు, కాడ గ్రుచ్చితే చాలు.

కొత్తవారి మొక్కలను ఎక్కువగా చంపేది నీటి కొరత కాదు, నీటి మితిమీరిక. ఒత్తుగా చల్లి, పూటపూటకూ నీరు పోస్తే నారుకుళ్ళు తెగులు వచ్చి మొలకలు మొదలు వద్ద మెత్తబడి పడిపోతాయి. వేలు మట్టిలో గ్రుచ్చి చూడండి. తడి తగిలితే ఆ పూట నీరు వద్దు.

నాలుగవది కాలం. ఇక్కడి వేసవిలో కొత్తిమీర వేస్తే ఆకు రాకముందే పూతకు పోతుంది. కొత్తిమీర, మెంతి, పాలకూర, ముల్లంగి అక్టోబరు నుండి జనవరి వరకు వేయండి. ఫిబ్రవరి, మార్చి నెలలలో బెండ, కాకర, తోటకూర వేయవచ్చును. తొలకరి తరువాత ఆనప, బీర, గోంగూర, బచ్చలి. వానాకాలంలో మడిని జానెడు ఎత్తు చేయకపోతే వేరు కుళ్ళుతుంది.

1974లో మే 8 నుండి 27 వరకు రైల్వే సమ్మె సాగింది. అనగా ఇరవై రోజులు. తోటకూర కోతకు రావడానికి ఇరవై అయిదు రోజులు కావలెను. సమ్మె మొదలైన నాడు విత్తినది సమ్మెలో అక్కరకు రాదు. ఏ సన్నాహమైనా ముందే జరగాలనే పాఠం సంఘానికీ పెరడుకూ ఒకటే.

ఇక విత్తనం దాచుకొనే విషయం. సంకర విత్తనపు కాయ నుండి తీసిన గింజ మరుసటి పంటలో తల్లి గుణాన్ని నిలుపుకోదు, అందుచేత ఏటేటా కొనవలసిందే. నాటు రకాలైతే మంచి మొక్కను కోయకుండా వదలి, గింజ ముదిరిన తరువాత నీడలో ఆరబెట్టి, పొడి సీసాలో ఉంచవచ్చును. ఒకరి వద్ద మిగిలిన గింజ మరొకరికి ఇవ్వండి. ప్రక్కింటి బెంగాలీ సోదరి పుయి శాక్ అనేది మన బచ్చలే. ఆమె లావు అనేది మన ఆనపకాయే. పేర్లు వేరైనా పాదు ఒకటే. యూనియన్ ఆఫీసులో ఒక విత్తనాల పెట్టె ఉంచాలనీ, దాని బాధ్యతను మహిళా సభ్యులు స్వీకరించాలనీ మేము కోరుతున్నాము.

చివరగా భూమి ప్రశ్న. విత్తనం దొరికినా విత్తే చోటు లేనివారే మనలో ఎక్కువ. ఇంగ్లండులో 1908 నాటి చట్టం, శ్రమజీవులు అడిగినచో సాగుకు చిన్న మడులు సమకూర్చే బాధ్యతను స్థానిక సంస్థలపై ఉంచింది. మన దేశంలోనూ ‘గ్రో మోర్ ఫుడ్’ పథకం క్రింద రైల్వే ఖాళీ భూమిని ఉద్యోగులకు లైసెన్సుపై కూరగాయల సాగుకు ఇచ్చిన చరిత్ర ఉన్నది. అనుమతి లేకుండా రైల్వే నేలలో పాదు వేస్తే, కాయ కాసే వేళకు ఖాళీ చేయమనే నోటీసు రావచ్చును. అందుచేత ఎవరికి వారు దొంగచాటుగా విత్తడం మార్గం కాదు, కలిసి అడగడమే మార్గం.

మా కోర్కెలు మూడు. పాడుబడిన క్వార్టర్ల పెరళ్ళను, నిరుపయోగంగా ఉన్న స్థలాలను కార్మిక కుటుంబాలకు ఉమ్మడి మడులుగా ఇవ్వాలి. వాటికి మంచి నీటి కుళాయి కల్పించాలి. ఆ మడులలో కాంట్రాక్టు కార్మికునికి, రిటైరైన కార్మికునికి పర్మనెంటు కార్మికునితో సమానమైన భాగం ఉండాలి. జీవితమంతా ఈ ఊరికి ధారపోసిన మనిషి క్వార్టరు తాళం అప్పగించిన నాడే తాను పెంచిన కరివేపాకు చెట్టును కూడా వదలి పోవలసి రావడం న్యాయం కాదు.

ఈ కోర్కెల పత్రంపై సంతకాలు ఈ సాయంత్రమే ఆరంభిస్తున్నాము. సంతకం చేసిన ప్రతి ఇంటికి ఒక పిడికెడు తోటకూర గింజలు ఇస్తాము. పత్రం ఆఫీసులలో తిరిగి రావడానికి నెలలు పట్టవచ్చును. మీ గింజలను మాత్రం రేపు ఉదయమే విత్తండి.